వర్చువల్ మెషిన్‌లో నెట్ రావట్లేదా? ముందు కేబుల్ చూడండి

వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషిన్‌ని) నడిపే ప్రోగ్రాంలో, ఉబుంటు లైనక్స్ వేశారు. అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అని, లోపల నడిచేదాన్ని గెస్ట్ అని అంటారు. డెస్క్‌టాప్ వచ్చింది, కానీ బ్రౌజర్ తెరిస్తే పేజీ రాదు. ఇక్కడ ఎక్కువమంది చేసే పని ఒకటే. నెట్‌వర్క్ మోడ్ నాట్ (హోస్ట్ చాటున బయటికి పోయేది) తీసి బ్రిడ్జ్‌డ్ (గెస్ట్ నేరుగా మీ నెట్‌వర్క్‌లోకి దిగేది) పెడతారు, అదీ కుదరకపోతే హోస్ట్-ఓన్లీ (హోస్ట్‌తో, పక్క మెషిన్లతో మాత్రమే మాట్లాడేది) పెడతారు, చివరికి విసుగొచ్చి మెషిన్ మొత్తం చెరిపేసి మళ్లీ వేస్తారు. మోడ్ మార్చినప్పుడల్లా గెస్ట్ అడ్రస్, గేట్‌వే (బయటికి పోయే గుమ్మం) రెండూ మారిపోతాయి. లోపల పాత సెట్టింగులు మాత్రం అలాగే ఉండిపోతాయి. దాంతో ఒకచోట ఉన్న చిక్కు కాస్తా మూడు చోట్లకు పాకుతుంది.

గెస్ట్ నుంచి ప్యాకెట్ బయటపడాలంటే వరసగా ఐదు జరగాలి. అడాప్టర్‌కి (వర్చువల్ నెట్‌వర్క్ కార్డుకి) కేబుల్ తగిలి ఉండాలి, గెస్ట్‌లో ఆ అడాప్టర్‌కి డ్రైవర్ ఉండాలి, ఐపీ అడ్రస్ రావాలి, గేట్‌వే పలకాలి, సైటు పేరు ఐపీగా మారాలి. ఎక్కడ ఆగిందో తేలేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. కింద ఎక్కువగా వర్చువల్‌బాక్స్, ఉబుంటు లెక్కనే చెబుతున్నాను, వర్చువల్‌బాక్స్ లాంటివే అయిన వీఎంవేర్, హైపర్-వీ, కేవీఎం సంగతులు సందర్భాన్ని బట్టి వస్తాయి. కమాండ్లు పలికినట్టు రాశాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ఐపీ ఏ చెప్పేది

గెస్ట్‌లో టెర్మినల్ తెరిచి "ఐపీ ఏ" కొట్టండి. మొదట "లో" అని 127.0.0.1 తో ఒకటి వస్తుంది, దాన్ని వదిలేయండి. మనకు కావాల్సింది దాని కింద వచ్చేది. వర్చువల్‌బాక్స్‌లో మొదటి అడాప్టర్ మామూలుగా "ఈఎన్‌పీ0ఎస్3", రెండోది "ఈఎన్‌పీ0ఎస్8" అని కనిపిస్తాయి. అందులో పీ తర్వాతి అంకె పీసీఐ బస్సు, ఎస్ తర్వాతిది స్లాటు.

"లో" తప్ప ఇంకేమీ లేకపోతే కార్డు కెర్నల్‌కి (సిస్టమ్ మూల భాగానికి) అందలేదన్నమాట. "ఎల్ఎస్‌పీసీఐ" కొట్టి ఈథర్నెట్ కంట్రోలర్ అనే లైను ఉందేమో చూడండి. ఆ లైను కూడా లేకపోతే హోస్ట్ వైపు సెట్టింగుల్లో అడాప్టర్‌నే ఎనేబుల్ చేయలేదు. మెషిన్ ఆపి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో టిక్కు పెట్టండి. లైను ఉండి ఇంటర్‌ఫేస్ ("ఐపీ ఏ"లో వచ్చే కార్డు పేరు) లేకపోతే డ్రైవర్ లేదు. లైనక్స్‌లో ఇది అరుదు, విండోస్‌లోనే ఎక్కువ.

ఇంటర్‌ఫేస్ ఉంది కానీ యాంగిల్ బ్రాకెట్ల మధ్య "నో-క్యారియర్" అని ఉంటే కేబుల్ ఊడింది. వర్చువల్ కేబులే, అయినా ఊడుతుంది. అడాప్టర్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ కింద "కేబుల్ కనెక్టెడ్" అనే టిక్కు ఉంటుంది, అది పోయి ఉంటుంది. ఆ టిక్కు కనబడకపోతే ఎక్స్‌పర్ట్ మోడ్‌కి మారండి. దీనికి మెషిన్ ఆపక్కర్లేదు. కింద స్టేటస్ బార్‌లో నెట్‌వర్క్ బొమ్మ మీద రైట్ క్లిక్ కొట్టినా సరిపోతుంది. వీఎంవేర్‌లో ఇదే పనికి రెండు టిక్కులుంటాయి, "కనెక్టెడ్" ఒకటి, "కనెక్ట్ ఎట్ పవర్ ఆన్" ఇంకొకటి. మొదటిది మాత్రమే పెట్టి వదిలేస్తే ఈ పూట పని చేస్తుంది. మెషిన్ ఆపి మళ్లీ లేపితే నెట్ ఉండదు. "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనేవాళ్లు ముందు ఆ రెండో టిక్కు చూసుకోవాలి.

నో-క్యారియర్ లేకుండా "స్టేట్ డౌన్" అని మాత్రమే ఉంటే ఇంటర్‌ఫేస్‌ని ఎవరూ లేపలేదు. "సుడో ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ0ఎస్3 అప్" అంటే లేస్తుంది. కానీ రీబూట్ చేస్తే మళ్లీ పడుకుంటుంది. అసలు కారణం కాన్ఫిగరేషన్ ఫైల్లో ఈ పేరు లేకపోవడం.

ఈ పేరు గొడవ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో తయారైన ఉబుంటులో కార్డు పేరు సాధారణంగా "ఈఎన్ఎస్33". ఆ డిస్కు తెచ్చి వర్చువల్‌బాక్స్‌లో పెడితే కార్డు ఈఎన్‌పీ0ఎస్3 అవుతుంది, నెట్‌ప్లాన్ (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగుల) ఫైల్లో మాత్రం ఈఎన్ఎస్33 కోసమే రాసి ఉంటుంది. లేని కార్డు కోసం సిస్టమ్ చూస్తుంది, ఉన్న కార్డుని ఎవరూ పట్టించుకోరు. బూటప్‌లో నెట్‌వర్క్ కోసం రెండు నిమిషాలు ఆగిపోవడం దీనికి మంచి గుర్తు. ఈటీసీ కింద నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో ఉన్న యామెల్ ఫైల్ తెరిచి పేరు మార్చండి. ట్యాబ్ కొట్టకండి, స్పేసులే వాడాలి. తర్వాత "సుడో నెట్‌ప్లాన్ ట్రై" కొట్టండి. కొత్త సెట్టింగు పెట్టి 120 సెకన్లు ఎదురుచూస్తుంది, ఎంటర్ కొట్టకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. ఎస్ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి టెర్మినల్‌లోకి దిగి) కూర్చుని సెట్టింగు మార్చేవాళ్లు "నెట్‌ప్లాన్ అప్లై" కన్నా దీన్నే అలవాటు చేసుకోవాలి.

రెడ్‌హ్యాట్, సెంటోస్ 7 కుటుంబంలో ఇంకో రకం. ఇన్‌స్టాలర్‌లో నెట్‌వర్క్ స్విచ్ ఆన్ చేయకుండా ముందుకెళితే కనెక్షన్ "ఆన్‌బూట్=నో" అని పడుతుంది. కార్డు బాగుంటుంది, డ్రైవర్ బాగుంటుంది, అడ్రస్ మాత్రం రాదు. "ఎన్ఎంసీఎల్ఐ కాన్ షో" అంటే కనెక్షన్ పేరు తెలుస్తుంది. ఆ పేరుకి "ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్" తో ఆటోకనెక్ట్ ఎస్ అని పెట్టి, "కాన్ అప్" చేయండి.

అడ్రస్ చూస్తే ఎవరిచ్చారో తెలుస్తుంది

అడ్రస్ వచ్చిందంటే సగం పని అయినట్టే, ఎందుకంటే ఆ అంకెలే మిగతా కథ చెబుతాయి. 10.0.2.15 అయితే వర్చువల్‌బాక్స్ నాట్ ఇచ్చింది. గేట్‌వే 10.0.2.2, డీఎన్ఎస్ (సైటు పేరుని ఐపీగా మార్చే సర్వర్) 10.0.2.3. 192.168.56తో మొదలై చివరన 101 లేదా ఆ పైన ఉంటే వర్చువల్‌బాక్స్ హోస్ట్-ఓన్లీ. 192.168.122 అయితే కేవీఎం డిఫాల్ట్ నెట్‌వర్క్. వీఎంవేర్ నాట్ అయితే చివరి అంకె 128 నుంచి 254 మధ్య ఉంటుంది, గేట్‌వే .2, హోస్ట్ .1. మీ ఇంటి రౌటర్ ఇచ్చే వరసలోదైతే బ్రిడ్జ్ పని చేస్తున్నట్టు. విండోస్ గెస్ట్‌లో 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీకి (అడ్రస్ ఇమ్మని గెస్ట్ అడిగినదానికి) ఎవరూ బదులివ్వలేదు, తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుంది. ఆ అడ్రస్‌తో బయటికి పోయేది లేదు.

బ్రిడ్జ్‌డ్‌కి మార్చాక కూడా 10.0.2.15 కనిపిస్తుంటే కంగారు పడకండి, పాత లీజు (ముందు తీసుకున్న అడ్రస్) అలాగే ఉంది. కేబుల్ టిక్కు తీసి, ఓకే కొట్టి, మళ్లీ పెట్టండి. గెస్ట్ కొత్త అడ్రస్ అడుగుతుంది.

రెండు మెషిన్లు వేసి రెండింటికీ 10.0.2.15 వచ్చిందని, ఏదో పాడైందని అనుకునేవాళ్లు చాలామంది. ఏమీ పాడవలేదు. నాట్ మోడ్‌లో ప్రతి మెషిన్‌కి దాని సొంత చిన్న నెట్‌వర్క్ ఉంటుంది, అందుకే రెండింటికీ అదే అడ్రస్. ఒకదానికొకటి కనబడవు. హోస్ట్ నుంచి 10.0.2.15 కి పింగ్ కూడా పోదు. ఇది లోపం కాదు, ఆ మోడ్ తీరే అంత. హోస్ట్ నుంచి ఎస్ఎస్‌హెచ్ మాత్రమే కావాలంటే పోర్ట్ ఫార్వార్డింగ్‌లో (హోస్ట్ పోర్టుకి వచ్చినదాన్ని గెస్ట్‌కి పంపే సెట్టింగులో) హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22 పెట్టి, 127.0.0.1 కి 2222 పోర్టు మీద కనెక్ట్ అవ్వండి. వేగ్రంట్ (మెషిన్లని కమాండ్లతో తయారుచేసే సాధనం) వాడేవాళ్లు మొదటి అడాప్టర్‌ని నాట్ నుంచి కదపకూడదు, అది ఆ దారిలోనే మెషిన్‌తో మాట్లాడుతుంది.

అమీర్‌పేటలో డెవాప్స్ నేర్చుకుంటూ ల్యాప్‌టాప్‌లో మూడు మెషిన్లతో ల్యాబ్ పెట్టుకునేవాళ్లకి నా సలహా ఒకటే: అడాప్టర్ 1 నాట్, అడాప్టర్ 2 హోస్ట్-ఓన్లీ. నెట్ మొదటిదాంట్లో వస్తుంది, మెషిన్లు ఒకదానితో ఒకటి, హోస్ట్‌తో రెండోదాంట్లో మాట్లాడతాయి. హాస్టల్ వైఫై మారినా, ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినా లోపలి అడ్రస్‌లు కదలవు. ఇందులో జారేది రెండు చోట్ల. రెండో కార్డు పేరు నెట్‌ప్లాన్‌లో ఉండదు, మీరే రాయాలి. రాసేటప్పుడు దానికి గేట్‌వే పెట్టకూడదు. "ఐపీ రూట్" కొడితే "డిఫాల్ట్" అని ఒక్క లైనే రావాలి. రెండొస్తే మెట్రిక్ (దారి ఎంచుకోవడానికి చూసే అంకె) తక్కువున్నది గెలుస్తుంది, అది హోస్ట్-ఓన్లీది అయిందంటే బయటికి దారి లేదు.

ఇదే ల్యాబ్‌లో కుబెర్నెటీస్ (కంటైనర్లని చాలా మెషిన్ల మీద నడిపేది) వేస్తే ఇంకో మెలిక. దాన్ని వేసే కుబ్‌ఎడిఎం కమాండ్ అడ్రస్ అడక్కుండా డిఫాల్ట్ రూట్ ఉన్న కార్డునే తీసుకుంటుంది. అంటే మాస్టర్ (మిగతా మెషిన్లని నడిపేది) అడ్రస్ 10.0.2.15 అయి కూర్చుంటుంది. వర్కర్ జాయిన్ అవ్వబోతే తన సొంత 10.0.2.15 నే తట్టి, కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది. ఇనిట్ చేసేటప్పుడే ఏపీఐసర్వర్-అడ్వర్టైజ్-అడ్రస్ ఆప్షన్‌లో 192.168.56 అడ్రస్ ఇవ్వండి. పాడ్ల (కంటైనర్ల గుంపుల) నెట్‌వర్క్‌కి ఫ్లానెల్ వాడితే దానికీ ఐఫేస్ ఆప్షన్‌లో రెండో కార్డు పేరు చెప్పాలి, లేకపోతే నోడ్లన్నీ రెడీ అని చూపిస్తూనే పాడ్లు ఒకదానికొకటి అందవు.

లైనక్స్, ఆపిల్ మ్యాక్ హోస్ట్‌లలో వర్చువల్‌బాక్స్ 6.1.28 నుంచి హోస్ట్-ఓన్లీకి 192.168.56.0/21 లోని అడ్రస్‌లే ఒప్పుకుంటుంది. పాత ట్యుటోరియల్ చూసి 192.168.33 అని పెడితే ఎర్రర్ ఇస్తుంది. ఈటీసీ కింద వీబాక్స్ ఫోల్డర్‌లో నెట్‌వర్క్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ పెట్టి, నక్షత్రం గుర్తుతో మొదలయ్యే లైన్లో మీ వరస రాస్తే ఒప్పుకుంటుంది.

బ్రిడ్జ్‌డ్, వైఫై

బ్రిడ్జ్‌డ్‌లో గెస్ట్ తన సొంత మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్‌తో) మీ నెట్‌వర్క్‌లోకి దిగుతుంది. కేబుల్ మీద ఇది హాయిగా నడుస్తుంది. వైఫైలో చిక్కు. యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) తన దగ్గర నమోదైన మ్యాక్ నుంచి వచ్చే ఫ్రేములనే (డేటా ముక్కలనే) తీసుకుంటుంది, ల్యాప్‌టాప్ కార్డు ఒక్క మ్యాక్‌తోనే నమోదవుతుంది. అందుకే వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వైఫై మీద గెస్ట్ ఫ్రేములకి హోస్ట్ మ్యాక్ తగిలించి పంపి, తిరిగొచ్చినవాటిని ఐపీ చూసి విడదీస్తాయి. కొన్ని రౌటర్లతో ఇది నడుస్తుంది, కొన్నింటితో డీహెచ్‌సీపీ దగ్గరే ఆగిపోతుంది. లైనక్స్ కేవీఎంలో వైఫై కార్డుని బ్రిడ్జిలో కలపబోతే సాధారణంగా కుదరదు. అక్కడ నాట్‌తో సరిపెట్టుకోవడం మంచిది.

ఫోన్ నంబర్ అడిగి ఓటీపీ పంపే వైఫైలలో లాగిన్ మ్యాక్‌కి ముడిపడి ఉంటుంది. ఆఫీసు స్విచ్‌లలో పోర్ట్ సెక్యూరిటీ ఉంటే ఒకే పోర్టులో రెండో మ్యాక్ కనబడగానే పోర్టే మూతపడొచ్చు, అప్పుడు గెస్ట్‌తో పాటు మీ ల్యాప్‌టాప్ నెట్ కూడా పోతుంది. అలాంటి చోట్ల బ్రిడ్జ్‌డ్ జోలికి పోకండి. హోస్ట్‌లో వీపీఎన్ నడుస్తుంటే కూడా అంతే. నాట్‌లో గెస్ట్ ట్రాఫిక్ హోస్ట్ ప్రోగ్రాముల ట్రాఫిక్ లాగే వీపీఎన్ లోంచి పోతుంది, బ్రిడ్జ్‌డ్‌లో వీపీఎన్‌ని దాటేసి నేరుగా రౌటర్‌కి పోతుంది. ఆఫీసు సర్వర్ హోస్ట్‌లో తెరుచుకుని గెస్ట్‌లో తెరుచుకోకపోతే ముందు ఇది అనుమానించండి.

బ్రిడ్జ్‌డ్‌కి ఏ కార్డు అన్నది కూడా చూడాలి. వీఎంవేర్‌లో వీఎంనెట్0 ఆటోమేటిక్‌లో ఉంటే వీపీఎన్ కార్డునో, వర్చువల్‌బాక్స్ హోస్ట్-ఓన్లీ కార్డునో పట్టుకుని కూర్చుంటుంది. వర్చువల్ నెట్‌వర్క్ ఎడిటర్‌లో అసలు కార్డు పేరు ఎంచుకోండి. విండోస్ హోస్ట్‌లో వర్చువల్‌బాక్స్ "ఫెయిల్డ్ టు ఓపెన్/క్రియేట్ ది ఇంటర్నల్ నెట్‌వర్క్" అంటూ మెషిన్‌నే లేపకపోతే, ఆ కార్డు ప్రాపర్టీస్‌లో "వర్చువల్‌బాక్స్ ఎన్‌డీఐఎస్6 బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్కింగ్ డ్రైవర్" ముందున్న టిక్కు చూడండి. టిక్కు ఉన్నా రాకపోతే కార్డుని ఒకసారి డిసేబుల్ చేసి ఎనేబుల్ చేయండి.

అడ్రస్ ఉండి కూడా నెట్ రాకపోతే గేట్‌వేకి పింగ్ కొట్టి, వెంటనే "ఐపీ నెయ్" కొట్టండి (నెయ్ అంటే ఎన్, ఈ, ఐ, జీ, హెచ్). గేట్‌వే పక్కన మ్యాక్ అడ్రస్ కనబడితే కేబుల్, బ్రిడ్జి అన్నీ బాగున్నట్టే. "ఫెయిల్డ్" లేదా "ఇన్‌కంప్లీట్" అని ఉంటే ప్యాకెట్ పక్క గుమ్మం దాకా కూడా పోలేదు, ఫైర్‌వాల్ గురించి ఆలోచించడం అనవసరం.

8.8.8.8 పలుకుతోంది, సైటు మాత్రం రాదు

8.8.8.8 (గూగుల్ సర్వర్) కి పింగ్ పోతూ సైటు రాకపోతే, అది డీఎన్ఎస్ చిక్కు. ఉబుంటులో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ తెరిస్తే 127.0.0.53 అని ఉంటుంది. అది తప్పు కాదు, సిస్టమ్‌డీ రిజాల్వర్ అక్కడ వింటూ ఉంటుంది. ఆ ఫైల్లో 8.8.8.8 రాస్తే రీబూట్‌తో పోతుంది. "రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్" కొట్టి కార్డు కింద ఏ సర్వర్ ఉందో చూడండి. ల్యాప్‌టాప్‌ని ఇంటి వైఫై నుంచి ఆఫీసుకి మార్చినప్పుడు, నిద్ర పుచ్చి లేపినప్పుడు, వీపీఎన్ పెట్టి తీసినప్పుడు వర్చువల్‌బాక్స్ నాట్‌లో పాత డీఎన్ఎస్ వేలాడుతుంది. మెషిన్ ఆపి, హోస్ట్‌లో వీబాక్స్‌మేనేజ్ మాడిఫైవీఎం కమాండ్‌కి "--నాట్‌డీఎన్ఎస్‌హోస్ట్‌రిజాల్వర్1 ఆన్" అని ఇవ్వండి. ఇకపై గెస్ట్ అడిగే సైటు పేర్లన్నీ హోస్టే వెతికి పెడుతుంది.

పింగ్‌ని గుడ్డిగా నమ్మకండి. చాలా ఆఫీసుల్లో ఐసీఎంపీని (పింగ్ వాడే ప్రోటోకాల్‌ని) ఆపేస్తారు, పింగ్ పోదు, బ్రౌజర్ మాత్రం పని చేస్తుంది. "కర్ల్ -ఐ" తో సైటుని అడిగి చూడండి, ఇక్కడ ఐ పెద్దక్షరం. అలాగే హోస్ట్ నుంచి విండోస్ గెస్ట్‌కి పింగ్ పోకపోవడం మామూలే, పబ్లిక్ ప్రొఫైల్‌లో విండోస్ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది.

విండోస్ గెస్ట్

డివైస్ మేనేజర్‌లో "ఈథర్నెట్ కంట్రోలర్" పక్కన పసుపు గుర్తుంటే డ్రైవర్ లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఇంటెల్ ప్రో/1000 ఎంటీ డెస్క్‌టాప్ పెడితే విస్టా తర్వాత వచ్చిన విండోస్‌లకి ఇబ్బంది లేదు. ఏదో పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఎక్స్‌పీ నడిపేవాళ్లు పీసీనెట్ గానీ, ఇంటెల్ టీ సర్వర్ గానీ ఎంచుకోవాలి. వీటికి ఎక్స్‌పీలోనే డ్రైవర్ ఉంది. వర్టియో (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన కార్డు రకం) ఎంచుకుంటే వేగం బాగుంటుంది కానీ విండోస్‌లో దాని డ్రైవర్ ఉండదు. వర్టియో-విన్ ఐఎస్ఓని సీడీ డ్రైవ్‌లో పెట్టి నెట్‌కేవీఎం ఫోల్డర్ చూపించండి. వీఎంవేర్‌లో వీఎంఎక్స్‌నెట్3 రకం కార్డుకి వీఎంవేర్ టూల్స్ వేసుకోవాలి.

అడాప్టర్ రకం మార్చాక పాత స్టాటిక్ ఐపీ మళ్లీ పెట్టబోతే "ఆ అడ్రస్ వేరే అడాప్టర్‌కి ఉంది" అని విండోస్ మొరాయిస్తుంది. తీసేసిన కార్డు దెయ్యంలా రిజిస్ట్రీలో ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో హిడెన్ డివైసెస్ చూపించమని, మసకగా కనబడే పాత కార్డుని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. హైపర్-వీలో డిఫాల్ట్ స్విచ్ మీద స్టాటిక్ ఐపీ అసలు పెట్టొద్దు. హోస్ట్ రీస్టార్ట్ అయితే దాని అడ్రస్ వరసే మారిపోవచ్చు. స్థిరమైన అడ్రస్ కావాలంటే ఇంటర్నల్ స్విచ్ ఒకటి విడిగా చేసుకోండి.

క్లోన్ చేసిన మెషిన్లు

రెండు క్లోన్లలో ఒకదానికి నెట్ రాగానే రెండోదానికి పోతుంటే, మ్యాక్ రెండింటికీ ఒకటే అయి ఉంటుంది. క్లోన్ చేసేటప్పుడే అన్ని కార్డులకీ కొత్త మ్యాక్ పుట్టించమని చెప్పాలి. మ్యాక్‌లు వేరైనా ఐపీ ఒకటే వస్తుంటే కారణం మెషిన్-ఐడీ. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు మ్యాక్ బదులు మెషిన్-ఐడీ నుంచి తయారైన గుర్తింపు పంపుతుంది, క్లోన్‌లో అది అచ్చంగా అదే. "సుడో ట్రంకేట్ -ఎస్ 0" తో ఈటీసీ కింది మెషిన్-ఐడీ ఫైల్ ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్తది పుడుతుంది. లేదా నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్ కి మ్యాక్ అని రాయండి.

కేవీఎంలో మెషినే లేవకుండా డిఫాల్ట్ నెట్‌వర్క్ యాక్టివ్‌గా లేదంటే, "విర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్", ఆ తర్వాత "విర్ష్ నెట్-ఆటోస్టార్ట్ డిఫాల్ట్". అదే హోస్ట్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేశాక బీఆర్0 బ్రిడ్జి మీదున్న గెస్ట్‌లకి నెట్ పోతే, డాకర్ ఫార్వర్డ్ పాలసీని "డ్రాప్" అని, అంటే దాటిపోయే ప్యాకెట్లని పడేయమని, మార్చింది. బ్రిడ్జి లోంచి పోయే ప్యాకెట్లు కూడా ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) గుండా పోతూ అక్కడ రాలిపోతున్నాయి. బీఆర్0 నుంచి బీఆర్0 కి పోయేవాటిని అనుమతిస్తూ ఫార్వర్డ్ చెయిన్ పైన ఒక నియమం పెట్టండి.

పింగ్ పోతుంది, ఎస్ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ దాకా వచ్చి కొయ్యబారుతుంది, పేజీ సగం తెరుచుకుంటుంది. ఇది ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) చిక్కు, వీపీఎన్ ఉన్న చోట ఎక్కువ. "పింగ్ -ఎం డూ -ఎస్ 1472 8.8.8.8" కొట్టండి, ఎం పెద్దక్షరం. 1472 కి హెడర్ల 28 కలిపితే 1500. పోకపోతే 1372 తో ప్రయత్నించండి. అది పోతే గెస్ట్ కార్డుకి ఎంటీయూ 1400 పెట్టండి.

చివరగా, ఉబుంటు హోస్ట్‌లో కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడు వర్చువల్‌బాక్స్ "కెర్నల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని -1908 చూపిస్తే గెస్ట్‌లో వెతకడం దండగ. "సుడో /ఎస్‌బిన్/వీబాక్స్‌కాన్ఫిగ్" తో మాడ్యూల్స్ (కెర్నల్ డ్రైవర్లు) మళ్లీ కట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. మోక్‌యూటిల్ కమాండ్‌తో సంతకం కీ నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్ మీద "ఎన్‌రోల్ మోక్" ఎంచుకుని, ముందు పెట్టుకున్న పాస్‌వర్డే కొట్టాలి. ఆ స్క్రీన్ దగ్గర కంటిన్యూ బూట్ నొక్కేస్తే నమోదు కాదు, మోక్‌యూటిల్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.